తొంభై అయిదు నిమిషాల కనెక్షన్: షెడ్యూల్ మారిన ఒక అమెరికా టికెట్ కేస్ స్టడీ

విజయవాడలో మాది చిన్న ట్రావెల్ ఏజెన్సీ. మా దగ్గర అంతర్జాతీయ టికెట్లు తీసుకునేవాళ్లలో ఎక్కువమంది పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలే. 2024 నవంబర్‌లో వెళ్లి 2025 ఏప్రిల్‌లో తిరిగొచ్చిన ఒక దంపతుల టికెట్ గురించి ఇక్కడ రాస్తున్నాను. ఆ ఒక్క టికెట్ మీదే షెడ్యూల్ మూడుసార్లు మారింది. మూడుసార్లూ సిస్టమ్ తనంతట తాను ఒక కొత్త ప్రయాణం తయారు చేసి, 'యాక్సెప్ట్' నొక్కమని మెసేజ్ పంపింది. మూడుసార్లూ మేం నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో, బదులుగా ఏం చేశామో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎయిర్‌లైన్స్ పేర్లు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు.

ప్రయాణికులు ఎవరు

వాళ్లది తెనాలి. పెద్దాయనకు అరవై ఎనిమిది, షుగర్ ఉంది. అమ్మగారికి అరవై మూడు, మోకాళ్ల నొప్పులు. నాలుగడుగులు నడవగలరు కానీ మెట్లు ఎక్కలేరు. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. ఇంగ్లిష్ చదవగలరు గానీ మాట్లాడటానికి తడబడతారు. కూతురు ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటుంది. నవంబర్ మూడో వారంలో పురుడు. అంటే మొదటి వారంలోనే చేరాలి.

మేలో టికెట్ ఇచ్చాను. హైదరాబాద్ నుంచి ఒక గల్ఫ్ హబ్ (విమానం మారే పెద్ద ఎయిర్‌పోర్టు), అక్కడి నుంచి షికాగో, షికాగో నుంచి కొలంబస్. చివరి ఫ్లైట్ ఆ గల్ఫ్ ఎయిర్‌లైన్‌కు పార్ట్‌నర్ అయిన అమెరికన్ ఎయిర్‌లైన్‌ది. మొత్తం ఒకే టికెట్. విడివిడిగా తీస్తే కొంత తగ్గేది, అల్లుడు అడిగాడు కూడా. వద్దన్నాను. రెండు టికెట్లుగా ఉంటే మొదటిదాని టైమ్ మారినప్పుడు రెండోదాని సంగతి ఎవరికీ పట్టదు, ఆ నష్టం మనదే. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు వేరే టికెట్ తీసుకుని, అంతర్జాతీయ ఫ్లైట్ ముందుకు జరిగినప్పుడు ఆ డబ్బు వదులుకున్న కుటుంబాలను చూశాను.

హబ్‌లో మూడు గంటల పది నిమిషాలు, షికాగోలో మూడు గంటల నలభై నిమిషాలు గ్యాప్ ఉండేలా చూసి తీశాను. హైదరాబాద్‌లో నవంబర్ 6 తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరి, హబ్‌లో ఉదయం 9:10కి ఎక్కి, షికాగోలో అదే రోజు మధ్యాహ్నం 3:10కి దిగాలి. 6:50కి కొలంబస్ ఫ్లైట్.

మేలో అమ్మిన టైమింగ్ నవంబర్ దాకా ఎందుకు నిలవదు

ఎయిర్‌లైన్స్‌కు ఏడాదిలో రెండే సీజన్లు. మార్చి చివరి ఆదివారం వేసవి షెడ్యూల్, అక్టోబర్ చివరి ఆదివారం శీతాకాలపు షెడ్యూల్ మొదలవుతాయి. రద్దీగా ఉండే విమానాశ్రయాల్లో దిగడానికీ ఎగరడానికీ స్లాట్లు, అంటే ముందే కేటాయించిన సమయాలు, కావాలి. శీతాకాలం స్లాట్ల గురించి ఎయిర్‌లైన్స్, ఎయిర్‌పోర్టుల వాళ్లు జూన్‌లో జరిగే ఐఏటీఏ (ఎయిర్‌లైన్స్ అంతర్జాతీయ సంఘం) సమావేశంలో కూర్చుని మాట్లాడుకుంటారు. కానీ టికెట్ల అమ్మకం దాదాపు పదకొండు నెలల ముందే మొదలవుతుంది. కాబట్టి మేలో నవంబర్ టికెట్ కొన్నామంటే, ఇంకా ఖాయం కాని టైమింగ్‌ను కొన్నట్టే.

దీనికి తోడు గడియారాల తేడా ఒకటి. మనదేశంలోనూ గల్ఫ్‌లోనూ గడియారం మారదు. యూరప్‌లో అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి వెళ్తుంది. 2024లో యూరప్‌కు అది అక్టోబర్ 27, అమెరికాకు నవంబర్ 3. ఆ వారం రోజుల్లోనూ, ఆ తర్వాతా ఎక్కడో ఒక చివర టైమ్ సర్దక తప్పదు. మార్చిలో మళ్లీ ఇదే పని తిరగేసి జరుగుతుంది. అందుకే అక్టోబర్ ఆఖరు, నవంబర్ మొదలు, మార్చి నెలల్లో ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు టికెట్ ఇచ్చిన రోజే చెబుతాను: ఈ టైమింగ్ మారే అవకాశం ఎక్కువ, మెసేజ్ రాగానే కంగారుపడకండి, నాకు చెప్పకుండా ఏదీ నొక్కకండి.

మొదటి మార్పు: నిబంధనకు సరిపోయే కనెక్షన్

ఆగస్టులో మా సిస్టమ్‌లోని షెడ్యూల్ చేంజ్ క్యూలోకి ఈ పీఎన్‌ఆర్ (బుకింగ్ రికార్డు) వచ్చి పడింది. హబ్ నుంచి షికాగో ఫ్లైట్ 9:10 నుంచి 7:35కి జరిగింది. హైదరాబాద్ ఫ్లైట్ మాత్రం జరగలేదు. మూడు గంటల పది నిమిషాల గ్యాప్ తొంభై అయిదు నిమిషాలైంది.

సిస్టమ్ లెక్కలో ఇందులో తప్పేమీ లేదు. ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కడానికి ప్రతి విమానాశ్రయానికీ కనీస కనెక్షన్ సమయం అని ఒకటి ఉంటుంది. గ్యాప్ దానికంటే ఎక్కువుంటే సిస్టమ్ కొత్త టైమ్‌ను టీకే అనే స్టేటస్‌తో పెట్టేస్తుంది. అంటే 'టైమ్ మారింది, సీటు ఖాయం' అని. ఫ్లైటే లేకుండా పోతే యూఎన్ అని వస్తుంది. యూఎన్ చూడగానే ఏ ఏజెంటైనా లేచి కూర్చుంటాడు. టీకే దగ్గరే అజాగ్రత్త జరుగుతుంది, ఎందుకంటే అది చూడటానికి సర్దుబాటు అయిపోయినట్టే ఉంటుంది.

అదే రోజు రాత్రి అల్లుడు ఫోన్ చేశాడు. "అన్నా, ఎయిర్‌లైన్ నుంచి మెసేజ్ వచ్చింది. షికాగోకి గంటన్నర ముందే వస్తారట, మంచిదే కదా! యాక్సెప్ట్ కొట్టెయ్యనా?"

"ఆగు తమ్ముడూ, ముందు హబ్‌లో ఎంతసేపు ఉందో చూడు" అన్నాను.

తొంభై అయిదు నిమిషాల్ని ఇద్దరం ఫోన్లోనే విడగొట్టి చూశాం. గేటు ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు, మిగిలింది డెబ్భై అయిదు. వీల్‌చైర్ ప్రయాణికులను అందరూ దిగాక చివర్లో దింపుతారు, దానికి అరగంట దాకా పోవచ్చు. విమానం గేటుకు రాకుండా దూరంగా ఆగితే మెట్లు దిగలేనివారి కోసం లిఫ్ట్ బండి రావాలి, తర్వాత బస్సు. ఆ తర్వాత సెక్యూరిటీ తనిఖీ. అమెరికా వెళ్లే ఫ్లైట్లకు గేటు దగ్గర పాస్‌పోర్టు, వీసా, చేతి సంచుల తనిఖీ మళ్లీ ఉంటుంది. హైదరాబాద్‌లో ఇరవై నిమిషాలు ఆలస్యమైతే చాలు, అంతా అయిపోతుంది. ఒంటరిగా వెళ్లే కుర్రాడికి ఈ కనెక్షన్ నేనే ఇస్తాను. ఈ దంపతులకు ఇవ్వను.

ఒకే టికెట్ కాబట్టి ఫ్లైట్ తప్పితే ఎయిర్‌లైన్ తర్వాతి దాంట్లో ఎక్కిస్తుంది, నిజమే. కానీ భాష రాని ఇద్దరు పెద్దవాళ్లు తెలియని ఊళ్లో ఆ డెస్కు ముందు నిలబడటం, అటు కొలంబస్‌లో తొమ్మిదో నెల కూతురు ఫోన్ పట్టుకుని కూర్చోవడం ఏ నిబంధనలోనూ రాసి ఉండదు.

ఏయే దారులు ఉన్నాయి

అల్లుడికి మొదట తోచింది పూర్తి రిఫండ్ తీసుకుని వేరే ఎయిర్‌లైన్‌లో తీయడం. అమెరికా రవాణా శాఖ నిబంధన ప్రకారం, అమెరికాకు వచ్చే లేదా అక్కడి నుంచి వెళ్లే ఫ్లైట్‌లో పెద్ద మార్పు జరిగి, ప్రయాణికుడు దాన్ని ఒప్పుకోకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలి. అంతర్జాతీయ ప్రయాణానికి పెద్ద మార్పు అంటే బయల్దేరడం ఆరు గంటలో అంతకుమించో ముందుకు రావడం, చేరడం అంతే ఆలస్యం కావడం, ఎయిర్‌పోర్టు మారడం, కనెక్షన్లు పెరగడం, క్లాసు తగ్గించడం లాంటివి. 2024 అక్టోబర్ 28 నుంచి ఆ రిఫండ్ అడగకుండానే ఇవ్వాలన్నది కూడా అమల్లోకి వచ్చింది. మన కేసులో బయల్దేరే టైమ్ మారలేదు, కొలంబస్ చేరే టైమ్ కూడా మారలేదు. మధ్యలోని గ్యాప్ తగ్గిందంతే. ఆ నిబంధన మనకు పనికిరాదని అల్లుడికి స్పష్టంగా చెప్పాను. లేని హక్కును పట్టుకుని కాల్ సెంటర్‌తో వాదిస్తే, ఉన్న వెసులుబాటు కూడా ఇవ్వరు.

ఉన్న వెసులుబాటు ఎయిర్‌లైన్ సొంత షెడ్యూల్ చేంజ్ పాలసీలో ఉంటుంది. ప్రతి ఎయిర్‌లైన్ ఏజెంట్లకు ఇలాంటి పాలసీ ఇస్తుంది. ఎంత మారితే, ఎన్ని రోజులు అటూ ఇటూ, ఏ క్లాసులోకి ఛార్జీ లేకుండా మార్చుకోవచ్చో అందులో ఉంటుంది. వీళ్ల పాలసీ ప్రకారం మనం వేరే ఫ్లైట్ ఎంచుకోవచ్చు. కానీ ఒకసారి యాక్సెప్ట్ చేశాక మళ్లీ మార్చాలంటే మామూలు మార్పు ఛార్జీ, పెరిగిన టికెట్ ధర మనమే కట్టాలి. ఆ బటన్ విలువ అక్కడుంది.

వేరే దారులు కూడా చూశాను. లండన్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో అయితే అమెరికా వీసా ఉంది కాబట్టి ట్రాన్సిట్ వీసా చిక్కు లేదు. కానీ ఈ మార్పుకు ఎయిర్‌లైన్ పోటీ కంపెనీలో ఎక్కించదు, తేడా మనం పెట్టుకోవాలి. టొరంటో మీదుగా చవకగా ఒకటి కనిపించింది. అయితే మన పాస్‌పోర్టుకు కెనడాలో విమానం మారడానికి కూడా వీసా కావాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, అమెరికా వీసా ఉంటే చాలనుకుంటారు.

చివరికి అదే ఎయిర్‌లైన్‌లో నవంబర్ 5 రాత్రి 9:40 ఫ్లైట్ ఎంచుకున్నాం. హబ్‌లో 11:25కి దిగుతారు. ఉదయం 7:35 దాకా ఎనిమిది గంటల పది నిమిషాలు. పెద్దవాళ్లకు రాత్రంతా ఎయిర్‌పోర్టులో అంటే అదీ కష్టమే. అందుకే టెర్మినల్ లోపలే ఉండే ట్రాన్సిట్ హోటల్‌లో గది తీసుకోమన్నాను. ఇమిగ్రేషన్ దాటి బయటికి పోనక్కర్లేదు, పడుకోవచ్చు, పెద్దాయన వేళకు తిని మందు వేసుకోవచ్చు. ఆ ఖర్చు కుటుంబమే పెట్టుకుంది.

అమ్మగారి అభ్యంతరం

ఇక్కడ ఒక అడ్డంకి వచ్చింది. నవంబర్ 5 మంగళవారం, పైగా నాగుల చవితి. "మంగళవారం ఇంట్లోంచి కదలం బాబూ, అదీ చవితినాడు పుట్టలో పాలు పోయకుండా" అన్నారు అమ్మగారు. ఇలాంటి మాటల్ని పక్కన పెట్టే ఏజెంట్లున్నారు. నేను పెట్టను. మనసులో శంకతో బయల్దేరిన మనిషి దారంతా భయపడుతూనే ఉంటుంది. సోమవారమే తెనాలి నుంచి బయల్దేరి హైదరాబాద్‌లో తమ్ముడి ఇంట్లో దిగేలా ఏర్పాటు చేసుకున్నారు. చవితి పూజ అక్కడే అయింది. మూడు వందల కిలోమీటర్ల కారు ప్రయాణం, విమానం ఒకేరోజు పడకుండా ఉండటం వాళ్ల ఆరోగ్యానికీ మంచిదైంది.

తేదీ విషయంలో ఇంకో మాట. 6వ తేదీ తెల్లవారుజామున 4 గంటలు అని టికెట్ మీద ఉంటే 6వ తేదీ రాత్రి ఎయిర్‌పోర్టుకు వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొత్త టికెట్ ఇచ్చేటప్పుడు "మంగళవారం సాయంత్రం 6 గంటలకల్లా శంషాబాద్‌లో ఉండాలి" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.

రీఇష్యూ అయిందా లేదా

ఇది కొత్త ఏజెంట్లు, సొంతంగా టికెట్లు తీసుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. పీఎన్‌ఆర్ వేరు, ఇ-టికెట్ వేరు. పీఎన్‌ఆర్‌లో కొత్త ఫ్లైట్ కనిపించినంత మాత్రాన టికెట్ మారినట్టు కాదు. టికెట్‌లో ఒక్కో ఫ్లైట్‌కు ఉండే కూపన్లు పాత ఫ్లైట్‌కే ఉండిపోతే చెకిన్ కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ రాదు. టికెట్‌ను కొత్త ఫ్లైట్లకు రీఇష్యూ (మళ్లీ జారీ) చేసి, అది ఎయిర్‌లైన్ చేసిన మార్పు వల్లే అని అందులో నమోదు చేయాలి. టికెట్ ఎవరిస్తే వాళ్లే ఆ పని చేయాలి. ఆన్‌లైన్ సైట్‌లో కొంటే సైట్‌వాళ్లు ఎయిర్‌లైన్‌ను అడగమంటారు, ఎయిర్‌లైన్‌వాళ్లు సైట్‌ను అడగమంటారు. అందుకని పదమూడు అంకెల టికెట్ నంబర్ దగ్గర పెట్టుకుని, 'కొత్త ఫ్లైట్లకు రీఇష్యూ అయిందా, కూపన్లు అన్నీ ఓపెన్‌గా ఉన్నాయా' అనే ప్రశ్న సూటిగా అడగాలి.

రీఇష్యూ అయ్యాక నేను చూసిన తర్వాతి సంగతి, ముందు అడిగిన సదుపాయాలు. ఫ్లైట్ మారితే అవి చాలాసార్లు వెంట రావు. హైదరాబాద్ కొత్త ఫ్లైట్‌లో వీల్‌చైర్ లేదు, షుగర్ ఉన్నవాళ్లకిచ్చే భోజనం లేదు, డబ్బు కట్టి తీసుకున్న సీట్లు లేవు. అన్నీ మళ్లీ పెట్టాను. వీల్‌చైర్‌లో కూడా రకాలున్నాయి. దూరం నడవలేనివారికి ఒక కోడ్, మెట్లు ఎక్కలేనివారికి ఇంకోటి, అసలు నడవలేనివారికి వేరేది. అమ్మగారికి రెండోది. మొదటిది పెడితే బస్సు దగ్గర మెట్లు ఎక్కమంటారు.

రెండో మార్పు: షికాగో

సెప్టెంబర్ చివర్లో పార్ట్‌నర్ ఎయిర్‌లైన్ తన నవంబర్ షెడ్యూల్ సవరించి, కొలంబస్ 6:50 ఫ్లైట్‌ను తీసేసింది. దాని సిస్టమ్ వీళ్లను మధ్యాహ్నం 2:50 ఫ్లైట్‌లోకి మార్చింది. షికాగోలో దిగేదే 1:35కి. పార్ట్‌నర్ సిస్టమ్ తన ముక్క వరకే చూసుకుంది, ముందు వచ్చే ఫ్లైట్‌తో దానికి పనిలేదు. పార్ట్‌నర్‌కు తన సొంత పీఎన్‌ఆర్ ఉంటుంది. రెండిటినీ కలిపి చూడాల్సింది మనిషే.

షికాగో ఓ'హేర్‌లో డెబ్భై అయిదు నిమిషాలు అసాధ్యం. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్. సామాను కొలంబస్‌కు ట్యాగ్ వేసినా షికాగోలో బెల్ట్ మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. గల్ఫ్ ఫ్లైట్లు ఐదో టెర్మినల్‌కు వస్తాయి. కొలంబస్ ఫ్లైట్ వేరే టెర్మినల్ నుంచి. మధ్యలో రైలు, ఆ తర్వాత మళ్లీ సెక్యూరిటీ. అబుదాబీ మీదుగా వచ్చేవాళ్లకైతే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే ముగిసిపోయే ఏర్పాటు ఉంది కాబట్టి దిగాక పని తగ్గుతుంది. మనది ఆ దారి కాదు.

అల్లుడు "నేనే కారేసుకుని షికాగో వస్తా, ఆ ఫ్లైట్ వదిలేద్దాం" అన్నాడు. వెళ్లడానికి ఆరు గంటలు, రావడానికి ఆరు గంటలు. భార్యకు నెలలు నిండుతున్న వారం అది. వద్దని గట్టిగా చెప్పాను. ఇంకో కారణం కూడా ఉంది. మధ్యలో ఒక ముక్క ఎక్కకుండా వదిలేస్తే ఆ టికెట్‌లో మిగిలిన తిరుగు ప్రయాణం మొత్తం రద్దయ్యే ప్రమాదం ఉంటుంది.

సాయంత్రం 5:05కి ఒక ఫ్లైట్ ఉంది. మూడున్నర గంటల గ్యాప్. సీట్లున్నాయి కానీ మన టికెట్ ధరకు సరిపోయే బుకింగ్ క్లాసులో లేవు. గల్ఫ్ ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేస్తే "అందుబాటులో లేదు, 8:55 తీసుకోండి" అన్నారు. అది ఏడు గంటలకు పైగా నిరీక్షణ, దిగేసరికి అర్ధరాత్రవుతుంది. ఇలాంటప్పుడు ఏం అడగాలో తెలియాలి. "మీరిచ్చిన కనెక్షన్ కనీస సమయానికి సరిపోదు, ఇది ఎయిర్‌లైన్ వైపు మార్పు, 5:05లో సీటు తెరవమని పార్ట్‌నర్‌ను అడగండి" అని ఫ్లైట్ నంబర్, తేదీ ముందే రాసుకుని చెప్పాను. మొదట మాట్లాడిన వ్యక్తి కుదరదన్నారు. సూపర్‌వైజర్‌కు అదే మాట ఈమెయిల్లో పంపితే రెండు రోజుల్లో సీట్లు ఖాయం చేసి, ఛార్జీ లేకుండా మార్చుకోవడానికి అనుమతిగా వేవర్ కోడ్ ఇచ్చారు. మళ్లీ రీఇష్యూ, మళ్లీ వీల్‌చైర్, ఈసారి రెండు ఎయిర్‌లైన్స్‌లోనూ విడివిడిగా సరిచూసుకోవడం.

ప్రయాణం ముందు వాళ్లకు ఊరికొక కాగితం చొప్పున రాసిచ్చాను. పైన తెలుగులో ఏం చేయాలో, కింద ఇంగ్లిష్‌లో సిబ్బందికి చూపించాల్సిన వాక్యం. షికాగో కాగితంలో సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలన్న మాటను ఎర్ర సిరాతో రాశాను. పెద్దాయన ఆ కాగితాలనే నమ్ముకుని వెళ్లారు. 6వ తేదీ రాత్రి కొలంబస్ చేరారు. ఆ నెల్లోనే మనవరాలు పుట్టింది.

మూడో మార్పు: తిరుగు ప్రయాణం

ఏప్రిల్ 29న తిరుగు ప్రయాణం. ఫిబ్రవరిలో హబ్–హైదరాబాద్ ఫ్లైట్లు కొన్ని రోజులకు తగ్గించి, ప్రయాణాన్ని మే 1కి జరిపారు. రెండు రోజులే కదా, మనవరాలితో ఇంకాస్త ఉండొచ్చని అమ్మగారు సంతోషించారు. నేను మాత్రం రెండు తేదీలు అడిగాను. మొదటిది ఐ-94, అంటే అమెరికాలో ప్రవేశించినప్పుడు ఇచ్చే రికార్డు. అమెరికాలో ఎంతకాలం ఉండొచ్చో చెప్పేది వీసా మీది తేదీ కాదు, దిగినప్పుడు ఇచ్చిన ఐ-94 తేదీ. వాళ్లకు మే 5 దాకా ఉంది, పర్వాలేదు, కానీ మరోసారి జరిగితే సర్దుకోవడానికి మే 1 తర్వాత నాలుగు రోజులే ఉంటాయి. రెండోది హెల్త్ ఇన్సూరెన్స్. అది ఏప్రిల్ 30తో అయిపోతుంది. షుగర్ ఉన్న మనిషి ఇన్సూరెన్స్ లేకుండా అమెరికాలో ఒక్క రోజు ఉండటం కూడా నాకు ఇష్టం లేదు.

ఏప్రిల్ 28కి వెనక్కి జరిపించాను. పాలసీలో దానికి వీలుంది, ఛార్జీ పడలేదు. అమ్మగారికి ఒక రోజు తగ్గినందుకు బాధ కలిగింది, నేనే ఫోన్‌లో విడమరిచి చెప్పాను. మెసేజ్‌లు నేరుగా కుటుంబానికి కూడా చేరడం వల్లే ఇదంతా రెండు నెలల ముందు తేలింది. పీఎన్‌ఆర్‌లో ప్రయాణికుల ఫోన్, ఈమెయిల్ తప్పక అడిగి పెట్టాలని ఐఏటీఏ నిబంధన ఉంది. అయినా చాలామంది ఏజెంట్లు తమ నంబరే పెడతారు. ఏజెన్సీకి సెలవు రోజున మారిన టైమ్ అప్పుడు ఎవరికీ తెలియదు.

ఇంకా మిగిలింది మొదటి మార్పులో పోయిన సీట్ల డబ్బు. సీటు ఛార్జీకి టికెట్‌తో సంబంధం లేకుండా వేరే రసీదు ఉంటుంది. టికెట్ రీఇష్యూ చేసినప్పుడు అది తనంతట తాను వెనక్కి రాదు. ఆ రసీదు నంబర్, పాత ఫ్లైట్, కొత్త ఫ్లైట్ వివరాలతో విడిగా దరఖాస్తు పెట్టాను. వాళ్లు తెనాలి తిరిగొచ్చాక, మే నెలలో, ఆ మొత్తం అల్లుడి కార్డులో పడింది.